వాల్టర్ రీడు

రక్తదానము చేయుటకై వచ్చిన వారిని వైద్యులు ముందుగా కొన్ని ప్రశ్నలడుగుదురు. ఇటీవల జ్వరము వచ్చినదా, మలేరియా గాని డెంగ్యూ గాని సోకినదా, ఏవైన టీకాలు వేయించుకొంటిరా అనునవి వానిలో ముఖ్యమైనవి. దృఢకాయుడై, నవ్వుచు చేయి చాచి నిలిచిన యువకుని నిట్లు ప్రశ్నించుట కొందరికి వింతగా తోచును. ఇచ్చువాడు మనసార నిచ్చుచుండగా తీసికొనువానికి సందేహమెందుకని వారనుకొందురు. కాని కంటికి స్వచ్ఛముగా కనబడు రక్తములో కనబడని శత్రువు దాగియుండవచ్చునను సంగతి సులభముగా తెలిసినది కాదు. దానిని తెలిసికొనుటకు కొందరు తమ దేహములనే పరీక్షాశాలలుగా చేసిరి. ఒకరు ప్రాణమే కోల్పోయిరి. ఆ పరిశోధనకు నాయకుడైనవాడు వాల్టర్ రీడు.

రీడు అమెరికా సంయుక్త రాష్ట్రములలో చేరిన వర్జీనియాయందు 1851వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన జన్మించెను. తండ్రి మెథడిస్టు శాఖకు చెందిన మతబోధకుడు. ఆ వృత్తిలో నున్నవారు ఒక్క యూర స్థిరముగ నుండుటకు వీలులేదు. కావున ఆ కుటుంబము కొన్ని యేండ్లకొకసారి సామానులు సర్దుకొని మరియొక గ్రామమునకు తరలుచుండెను. రీడు తొమ్మిదేండ్లవాడై యుండగా అమెరికాలో అంతర్యుద్ధము ఆరంభమయ్యెను. నాలుగేండ్లపాటు యుద్ధమునకు రంగమైన వర్జీనియాలో ఆయన బాల్యము గడచెను. యుద్ధానంతరము వర్జీనియా విశ్వవిద్యాలయమున చేరి, 1869లో, పదునెనిమిదేండ్లు నిండకమునుపే వైద్యపట్టమును పొందెను. ఆ విశ్వవిద్యాలయమున అంత చిన్న వయసున వైద్యుడైనవాడు మరియొకడు లేడని చెప్పుదురు. మరుసటి యేడు న్యూయార్కులోని బెల్వ్యూ కళాశాలలో రెండవ పట్టమును గూడ సంపాదించి, ఆ నగరమునందును బ్రూక్లినునందును కొంతకాలము పనిచేసెను.

మీసము కూడ సరిగా రాని వైద్యునిపై రోగులకు విశ్వాసము కుదురుట కష్టము. పట్టణమున స్వతంత్రముగ వైద్యము చేసి పేరు గడించుటకంటె సైన్యమున చేరుట మేలని తలంచి, రీడు 1875లో సైనిక వైద్యశాఖ పరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను. మరుసటి యేట ఎమిలీ లారెన్సును వివాహమాడెను. తరువాత పదునైదేండ్లకు పైగా ఆయన జీవితము ఎక్కువగా సరిహద్దు ప్రాంతములలోనే గడచినది. అరిజోనా యెడారులలో, నెబ్రాస్కా మైదానములలో, రైలుబండి చేరని కోటలలో ఆయన సిపాయిలకును వారి కుటుంబములకును చుట్టుపట్ల నివసించు ఆదిమవాసులకును వైద్యము చేసెను. ఎముక విరిగినవాడు, కాన్పు కష్టమైన స్త్రీ, మశూచి సోకిన బిడ్డ, అందరును ఆయన యొద్దకే రావలెను. సలహా యడుగుటకు మరియొక వైద్యుడు వందల మైళ్ల దూరములో గాని లేడు. వైద్యశాస్త్రములో క్రొత్తగా వెలువడుచున్న పరిశోధనలు ఆ కోటలకు చేరుట దుర్లభము. ఐరోపాలో పాశ్చరు, కాఖు మున్నగువారు వ్యాధులకు సూక్ష్మజీవులు కారణమని నిరూపించుచున్న కాలమది. ఇట నొంటరిగా నున్న రీడు తాను వెనుకబడి పోవుచున్నానని బాధపడుచుండెను.

1890లో బాల్టిమోరు నగరమునకు బదిలీ యగుటతో ఆయన కోరిక నెరవేరెను. అచ్చట జాన్స్ హాప్కిన్స్ సంస్థలో విలియం వెల్చ్ అను మహాచార్యుని యొద్ద, తనకంటె చిన్నవారైన విద్యార్థుల సరసన కూర్చుండి, దాదాపు నలువదేండ్ల వయసున, సూక్ష్మదర్శినితో వ్యాధులను పరిశీలించు విద్యను మొదటినుండి నేర్చుకొనెను. 1893లో వాషింగ్టనునందలి సైనిక వైద్య పాఠశాలలో ఆచార్యుడయ్యెను.

1898లో అమెరికాకును స్పెయినుకును యుద్ధము జరిగెను. అందు తూటాలచేత మరణించిన అమెరికను సైనికులకంటె వ్యాధులచేత మరణించినవారే పెక్కురు. సైనిక శిబిరములలో టైఫాయిడు జ్వరము ప్రబలుటకు కారణములను కనుగొనుటకై నియమించిన సంఘమునకు రీడు అధ్యక్షుడై, ఈగల వలనను మనుష్యుల పరస్పర సంపర్కము వలనను ఆ జ్వరము వ్యాపించుచున్నదని తేల్చెను. ఆ యుద్ధమున స్పెయినునుండి క్యూబా ద్వీపము అమెరికా సైన్యము వశమయ్యెను. దానితోపాటు అచ్చట తరతరములుగా తిష్ఠవేసిన పచ్చజ్వరమును గూడ ఎదుర్కొనవలసి వచ్చెను.

ఎల్లో ఫీవరని ఆంగ్లేయులు పిలుచు ఈ పచ్చజ్వరము మన దేశమున లేదు. కావున దాని భీకరత్వము మనకు తెలియదు. మొదట తీవ్రమైన జ్వరము, తలనొప్పి, నడుము నొప్పి కలుగును. మూడు నాలుగు దినములకు జ్వరము తగ్గి రోగి కోలుకొనుచున్నట్లు కనబడును. కొందరు నిజముగనే కోలుకొందురు. తక్కినవారికి జ్వరము తిరుగబెట్టి, కన్నులును చర్మమును పసుపుపచ్చనగును. నోట నల్లని వాంతి వెడలును. పిదప పెక్కురు మరణింతురు. 1793లో ఫిలడెల్ఫియా నగరమున ఈ జ్వరము సుమారు 5,000 మందిని బలిగొనెను. 1878లో మిసిసిపీ నదీలోయయందు మృతులైనవారు 20,000 వరకు నుందురు. జ్వరము వచ్చినదని తెలియగనే జనులు ఇండ్లు విడిచి పారిపోవుచుండిరి. రోగి ధరించిన బట్టలు, పరుపులు, దుప్పట్ల వలన అది అంటుకొనునని అందరి నమ్మకము. ఓడలలో వచ్చిన మూటలను తగులబెట్టుచుండిరి. గదులకు పొగ వేయుచుండిరి. అయినను జ్వరమాగలేదు.

ఇది దోమల వలన వ్యాపించునని చెప్పినవాడొకడు హవానా నగరముననే యుండెను. ఆయన కార్లోస్ ఫిన్లే యను క్యూబా వైద్యుడు. 1881లోనే ఆయన ఏ జాతి దోమయో గూడ గుర్తించి పండితసభలో ప్రకటించెను. విన్నవారు మౌనము వహించిరి, తరువాత పరిహసించిరి. ఫిన్లే ఇరువదేండ్లు తన మాటను విడువలేదు. అయితే ఆయన ప్రయోగములు నమ్మదగిన ఫలితము నీయలేదు. రోగిని కుట్టిన దోమను కొద్ది దినములలోనే మరియొకని కుట్టనిచ్చుటయే అందులకు కారణమని ఇప్పుడు మనకు తెలియును. మధ్యలో 1897 ఆగస్టున మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ మలేరియా క్రిములను దోమ కడుపులో కనుగొనుటతో, దోమను గురించి మాటలాడినవారిని చూచి నవ్వుట లోకము మానెను. మరుసటి యేడు మిసిసిపీ రాష్ట్రమున హెన్రీ కార్టర్ అను వైద్యుడు ఒక విచిత్రమును గమనించెను. ఒక యింట మొదటి రోగికి జ్వరము వచ్చిన వెంటనే ఆ యింటికి వచ్చిపోయినవారికి ఏమియు కాలేదు. రెండు వారములు గడచిన పిదప వచ్చినవారికి మాత్రము జ్వరము సోకినది. ఆ రెండు వారములు వ్యాధి ఎక్కడ దాగియుండెను? ఈ ప్రశ్నకు సమాధానము కార్టరుకు దొరకలేదు.

1900 మే నెలలో అమెరికా ప్రభుత్వము రీడు నాయకత్వమున నలుగురితో ఒక పరిశోధక సంఘమును నియమించెను. జేమ్స్ కారల్, జెస్సీ లజీర్, అరిస్టిడిస్ అగ్రమాంటీ తక్కిన ముగ్గురు. వారు హవానా సమీపమున పనిని ప్రారంభించిరి. ఒక ఇటలీ శాస్త్రజ్ఞుడు ఈ జ్వరమునకు కారణమని చెప్పిన సూక్ష్మజీవికై మొదట రోగుల రక్తమును వెదకిరి. అది కనబడలేదు. పినార్ దెల్ రియో అను పట్టణమున ఒక సైనిక ఖైదీ గదినుండి వెలుపలికి రాకయే జ్వరముచే మరణించెను. అదే గదిలో అతని ప్రక్కన పండుకొన్న తక్కిన ఖైదీలకేమియు కాలేదు. గోడలు దాటి, ఒక్కని మాత్రమే కాటువేసి పోగలిగినదేది? కిటికీలోనుండి ఎగిరి వచ్చినదేదో యుండవలెనని రీడునకు తోచెను. వారు ఫిన్లే యింటికి పోయిరి. ఆ వృద్ధుడు తన ఇరువదేండ్ల అవమానమును మరచి, తాను పెంచుచున్న దోమల గ్రుడ్లను వారి చేతిలో పెట్టెను.

గ్రుడ్లు పొదిగి దోమలను పెంచు పని లజీరుది. పచ్చజ్వరము ఇతర జంతువులకు వచ్చునట్లు అప్పటికెవరికిని తెలియదు. కావున మనుష్యులపైననే ప్రయోగము చేయవలెను. ఇతరులను అడుగుటకు ముందు తామే ఆ దోమలచేత కుట్టించుకొనవలెనని సంఘము వారు నిర్ణయించుకొనిరి. ఇంతలో టైఫాయిడు నివేదికను ముగించుటకై రీడు ఆగస్టు మొదట వాషింగ్టను పోవలసి వచ్చెను. ఆయన లేని సమయముననే అసలు ప్రమాదము జరిగెను. ఇందులకై తరువాత కొందరాయనను నిందించిరి. ఆయనను ఆజ్ఞ పిలిచినదే గాని భయము తరుమలేదనుట న్యాయము.

మొదట తొమ్మిదిమందిని దోమలు కుట్టినను ఒక్కరికిని జ్వరము రాలేదు. లజీరుకే నమ్మకము సన్నగిల్లెను. ఆగస్టు 27వ తేదీన కారల్ తన చేతిని చాచెను. ఆ దోమ పండ్రెండు దినములకు ముందు ఒక రోగిని కుట్టినది. నాలుగు దినములలోపల కారల్ మంచము పట్టెను. మృత్యుముఖమునకు పోయి ఎట్లో బ్రదికెను గాని ఆయన గుండె మునుపటివలె మరి బాగుపడలేదు. సెప్టెంబరు 13న లజీరును ఒక దోమ కుట్టెను. అది అనుకొనకుండ జరిగినదని సంఘము వారు వ్రాసిరి. ఆయనయే బుద్ధిపూర్వకముగ కుట్టనిచ్చెనని తలంచువారును కలరు. సెప్టెంబరు 25న లజీరు మరణించెను. ఆయన వయసు ముప్పది నాలుగేండ్లు. అమెరికాలో ఆయన భార్యకు కొన్ని వారములకు ముందే ఒక ఆడుబిడ్డ కలిగెను. ఆ బిడ్డను ఆయన చూడనే లేదు.

అక్టోబరు మొదటి వారమున రీడు క్యూబాకు తిరిగివచ్చి మిత్రుని చిన్న చేతిపుస్తకమును తెరచెను. ఏ దోమ ఏ రోగిని ఎప్పుడు కుట్టినది, ఆ రోగికది ఎన్నవ దినము, మరల ఎవరిని ఎన్ని దినములకు కుట్టినది అను వివరములన్నియు అందు గలవు. ఆ పుటలు త్రిప్పుచుండగా ఆయనకు రహస్యము బోధపడెను. జ్వరము వచ్చిన మొదటి మూడు దినములలో రోగిని కుట్టిన దోమయే విషమును గ్రహించును. గ్రహించిన తరువాత సుమారు పండ్రెండు దినములు గడచిననే గాని దానిని మరియొకని కీయజాలదు. కార్టరు చూచిన రెండు వారములలో వ్యాధి దాగినది దోమ దేహములోనే. తొమ్మిదిమంది ఎందుకు తప్పించుకొనిరో, ఫిన్లే ఎందుకు విఫలుడయ్యెనో దీనితో తేటతెల్లమయ్యెను.

కాని ఒకటి రెండు సంఘటనలను లోకము నమ్మదు. కారల్, లజీరు ఇరువురును జ్వరమున్న ప్రదేశములలో తిరిగినవారే. ఇతర మార్గమున సోకియుండవచ్చునని ఎవరైన అనవచ్చును. అందువలన రీడు, గవర్నరుగా నున్న జనరల్ వుడ్ ఇచ్చిన ధనముతో, ఊరికి దూరముగ ఒక పొలములో క్రొత్త శిబిరమును నిర్మించెను. దానికి మృతుని పేర లజీరు శిబిరమని పేరిడెను. 1900 నవంబరు 20న అది ప్రారంభమయ్యెను. దేహమును ప్రయోగమునకిచ్చువారికి జరుగబోవునది యేమియో, ప్రాణాపాయమెంత గలదో ముందుగనే తెలియజెప్పి, వ్రాతమూలముగ సమ్మతి తీసికొనిరి. క్రొత్తగా వలసవచ్చిన స్పెయినుదేశపు కూలీలకు ఒప్పుకొన్నందులకు నూరు డాలర్ల బంగారము, జ్వరము వచ్చినచో మరియొక నూరు ఇచ్చునట్లు ఒడంబడిక వ్రాసిరి. అట్టి కాగితమొకటి వర్జీనియా విశ్వవిద్యాలయ గ్రంథాలయమున నేటికిని భద్రముగ నున్నది. బీదవానికి ధనము చూపి సమ్మతి పొందుట పూర్తిగ స్వేచ్ఛాసమ్మతియేనా యను సందేహము మనకిప్పుడు కలుగును. కాని రోగికి చెప్పకయే ప్రయోగములు చేయుచుండిన ఆ కాలమున, అపాయమును కాగితముపై వ్రాసి చదివి వినిపించుటయే గొప్ప మార్పు. కిస్సింజర్ అను సిపాయియు మొరాన్ అను గుమాస్తాయు ధనము పుచ్చుకొనమని చెప్పి ముందుకు వచ్చిరి. రీడు వారిని చూచి లేచి నిలిచి వందనము చేసెనని చెప్పుకొందురు.

శిబిరమున రెండు కొయ్యయిండ్లు కట్టిరి. మొదటిది చిన్న గది. గాలి చొరకుండ కిటికీలు మూసి, లోపల పొయ్యి పెట్టి వేడిగ నుంచిరి. పచ్చజ్వరముచే మరణించినవారి రక్తముతోను వాంతితోను తడిసిన దుప్పట్లు, బట్టలు పెట్టెలలో తెచ్చి అందుంచిరి. కుక్ అను యువ వైద్యుడును ఇరువురు సిపాయిలును అందు ప్రవేశించి పెట్టెలు తెరచిరి. ఆ దుర్వాసనకు తాళలేక ముగ్గురును వెలుపలికి పరుగెత్తిరి. కొంతసేపటికి తిరిగి లోనికి పోయి, ఆ పరుపులనే పరచుకొని పండుకొనిరి. ఇట్లు ఇరువది రాత్రులు! వారి వెనుక మరికొందరు అట్లే పండుకొనిరి. ఒక్కరికిని జ్వరము రాలేదు. వారికి స్వభావముగనే ఆ వ్యాధి రాదేమోయని సందేహింప వీలులేదు. తరువాత అన్య ప్రయోగములలో వారిలో కొందరికి జ్వరము సోకినది. నూరేండ్లుగా బట్టలు తగులబెట్టుట వ్యర్థమని ఆ గది తేల్చిచెప్పినది.

రెండవ ఇల్లు శుభ్రముగ, గాలియు వెలుతురును గలిగి యుండెను. దానిని నడుమ తీగెవల కట్టి రెండు భాగములు చేసిరి. ఒక భాగమున రోగులను కుట్టిన పదునైదు దోమలను వదలిరి. డిసెంబరు 21న మొరాన్ ఆ భాగమున ప్రవేశించి పండుకొనెను. దోమలు ఆయన ముఖముపైనను చేతులపైనను వ్రాలినవి. ఆవలి భాగమున ఇరువురు పడుకొనిరి. వారు పీల్చునది అదే గాలి. క్రిస్మసు పండుగ దినమున మొరానునకు జ్వరము వచ్చెను. ఆవలివారు ఆరోగ్యముగ నుండిరి. ఆ యేటి కడపటి రాత్రి రీడు భార్యకు వ్రాసిన జాబులో, మనుష్యుల బాధను తగ్గించుట కేదైన చేయు భాగ్యము తనకు కలుగవలెనని ఇరువదేండ్లుగా చేసిన ప్రార్థన ఫలించెనని సంతోషమును తెలుపుకొనెను.

అయినను ఆయన పని యంతటితో ముగియలేదు. ఇకమీద జరిగిన ప్రయోగమే మన కథకు ప్రధానమైనది. దోమ తన దేహములో ఏదో విషమును పుట్టించి మనుష్యుని కిచ్చుచున్నదా, లేక ఒకని రక్తమునుండి గ్రహించినదానిని మరియొకని రక్తమునకు మోసికొని పోవుచున్నదా? మోయునదే యైనచో, దోమ లేకున్నను ఆ రక్తము వ్యాధి నీయవలెను. 1901 జనవరిలో రీడు, జ్వరము వచ్చిన మొదటి రెండు దినములలో నున్న రోగుల చేతినరము నుండి రక్తమును తీసి, సమ్మతించినవారి చర్మము క్రిందికి సూదితో నెక్కించెను. ఎక్కించిన రక్తము రెండు ఘన సెంటీమీటర్లకు మించలేదు. ఒకనికి అర ఘన సెంటీమీటరు మాత్రమే ఇచ్చిరి. అది కొన్ని చుక్కలు. అయినను జ్వరము వచ్చెను. నలుగురికి అట్లే వ్యాధి కలిగినది. అదృష్టవశమున లజీరు శిబిరమున ప్రయోగములచే జ్వరము వచ్చినవారందరును కోలుకొనిరి.

దీని యర్థము బాగుగ గ్రహింపవలెను. మొదటి రెండు దినముల నాటికి రోగి కన్నులు పచ్చబడవు. అది పచ్చజ్వరమేనని ఎవరును నిశ్చయముగ చెప్పలేని సమయమది. ఆ సమయముననే అతని రక్తము అత్యంత ప్రమాదకరము. లక్షణములన్నియు బయటపడి, అందరును భయపడి దూరము తొలగునప్పటికి రక్తమునుండి ఆ శత్రువు చాలవరకు తొలగిపోవును.

ఆ శత్రువెవరో కూడ కొంత తెలిసినది. 1901 ఆగస్టులో కారల్ మరల క్యూబాకు పోయి, రోగి రక్తమునుండి తీసిన సీరమును, సూక్ష్మజీవులు కూడ దాటలేని సన్నని పింగాణి వంటి వడపోతగుండ పోనిచ్చెను. వడగట్టిన ద్రవముకూడ జ్వరమును కలిగించెను. సూక్ష్మదర్శినికి కనబడు జీవులకంటె చిన్నదైన ఏదో యొకటి ఆ రక్తమున గలదని దీనివలన తేలినది. వైరసని మనమిప్పుడు పిలుచు ఆ వస్తువు మనుష్యుల వ్యాధికి కారణమని నిరూపింపబడుట అదియే మొదటిసారి. ఆ రక్తమునే 55 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి పది నిమిషములు కాచి యెక్కించినపుడు జ్వరము రాలేదు.

రీడు కాలమున రక్తనిధులు లేవు. ఆయన లజీరు శిబిరమున నున్న రోజులలోనే ఐరోపాయందు వియన్నా నగరమున లాండ్‌స్టెయినర్ అను శాస్త్రజ్ఞుడు రక్తవర్గములను కనుగొనుచుండెను. ఆ తరువాతనే ఒకరి రక్తము మరియొకరికి నిర్భయముగ నెక్కించుట సాధ్యమైనది. ఇప్పుడొక దాత మన రక్తనిధులలో 350 గాని 450 గాని మిల్లీలీటర్ల రక్తము నిచ్చును. రీడు ఎక్కించినది రెండు మిల్లీలీటర్లు మాత్రమేనని జ్ఞప్తికి తెచ్చుకొన్నచో, దోమల వ్యాధులు ప్రబలినప్పుడు వైద్యులెందుకంత జాగరూకులగుదురో తెలియును. రక్తమును కాచి శుద్ధిచేయవచ్చును గదా యని కొందరనుకొనవచ్చును. రక్తమునుండి వేరుపరచిన ఆల్బుమినును 60 డిగ్రీల వేడిలో పది గంటలుంచి శుద్ధిచేయుచునే యున్నారు. కాని ఎర్రకణములు ఆ వేడికి చెడిపోవును. వానిని చల్లని పెట్టెలోనే యుంచవలెను. ఆ చల్లదనములో మలేరియా క్రిమియు చాలదినములు బ్రదికియుండును.

ఈ పాఠమును మరచినందులకు రీడు సేవించిన సైన్యమే పెద్ద మూల్యము చెల్లించెను. 1937 నాటికి పచ్చజ్వరమునకు మంచి టీకా సిద్ధమయ్యెను. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికను సైనికులకు ఆ టీకా వేసిరి. అది చెడిపోకుండ నిలుచుటకై దానిలో దాతలిచ్చిన మనుష్యరక్తపు సీరమును కలిపిరి. ఆ దాతలలో కొందరి రక్తమున కామెర్ల వైరసుండెను. 1942లో సుమారు 50,000 మంది సైనికులు కామెర్లతో మంచము పట్టిరి. పచ్చజ్వరమునుండి కాపాడుటకు వేసిన మందే వారిని పచ్చబరచినది! సీరము కలుపుట నప్పుడే మానివేసిరి.

ఇటీవలి కాలమున దోమలే మరల హెచ్చరించినవి. 2002లో అమెరికాలో వెస్ట్ నైల్ అను దోమకాటు వ్యాధి దానరక్తము ద్వారా 23 మందికి సోకెను. మరుసటి యేటినుండియే అచ్చట రక్తమును ఆ వైరసుకై పరీక్షించుట మొదలుపెట్టిరి. హిందూ మహాసముద్రమునందలి రియూనియన్ ద్వీపమున 2005, 2006 సంవత్సరములలో చికున్‌గున్యా వ్యాపించి జనులలో మూడింట నొకవంతుకు పైగా పీడించెను. అప్పుడు ద్వీపమున రక్తము సేకరించుటయే ఆపి, ఎర్రకణములను ఫ్రాన్సునుండి విమానములలో తెప్పించిరి. గడ్డకట్టుటకు తోడ్పడు కణికలు మాత్రము ఐదారు దినములకంటె నిలువవు. కావున వానిని అచ్చటనే సేకరించి, పరీక్షించి వాడిరి. అదే 2006లో మన ఆంధ్రదేశమునను ఆ వ్యాధి ఇంటింటిని చుట్టినది. 2016లో జికా వ్యాధి వచ్చినపుడు ప్యూర్టోరికో ద్వీపమునకును కొన్ని వారములు ఇతర ప్రాంతముల రక్తమే దిక్కయ్యెను.

మన దేశమున దానము చేసిన ప్రతి సంచిలోని రక్తమును మలేరియాకై పరీక్షించుట నియమము. డెంగ్యూ రక్తములో నున్నప్పటికిని చాలమందిలో ఏ లక్షణమును కనబడదు; లక్షణములు కనబడువారిలోను జ్వరమునకు ఒకటి రెండు దినములముందే అది రక్తమున ప్రవేశించును. కావున ప్రశ్నలు మాత్రమే చాలవు. ప్రశ్నలు లేకను జరుగదు. మలేరియా నుండి కోలుకొన్నవారు మూడు నెలలు, డెంగ్యూ, చికున్‌గున్యాల నుండి కోలుకొన్నవారు ఆరు నెలలు ఆగి రక్తమీయవలెనని వైద్యులు చెప్పుచున్నారు. దానము చేసి యింటికి పోయిన తరువాత జ్వరము వచ్చినచో వెంటనే రక్తనిధికి తెలియజేయవలెను. అప్పటికి ఆ సంచి రోగికెక్కింపబడకున్నచో దానిని తొలగింతురు. డెంగ్యూను మోయునది రీడు శిబిరమున మొరానును కుట్టిన దోమజాతియే. అది మురికి గుంటలలో గాక, మన పెరటి తొట్లలోను కొబ్బరి చిప్పలలోను నిలిచిన తేటనీటిలో పెరుగును.

మరల రీడు కడకు వత్తము. 1901 ఫిబ్రవరిలో హవానాలో జరిగిన వైద్యమహాసభయందు ఆయన తన ఫలితములను చదివెను. ఆ నెలలోనే గోర్గాస్ అను సైనిక వైద్యుడు నగరమున దోమలపై యుద్ధము ప్రకటించెను. రోగులను దోమతెరలలో నుంచెను. నీటి తొట్లకు మూతలు వేయించెను. మూతలేని నీటిపై కిరసనాయిలు చల్లించెను. తరతరములుగా ఎడతెగని పచ్చజ్వరము ఆ సెప్టెంబరుతో హవానాలో ఆగిపోయెను. తరువాత పనామా కాలువ త్రవ్వుటకు ఈ పద్ధతియే తోడ్పడినది.

రీడు వాషింగ్టనునకు తిరిగిపోయి మరల బోధించుచుండెను. హార్వర్డు, మిచిగను విశ్వవిద్యాలయములు ఆయనకు గౌరవపట్టములొసగెను. దోమ సిద్ధాంతము మొదట ఫిన్లేదేనని రీడు తన వ్రాతలలో ఒప్పుకొనినను, కీర్తి యంతయు ఆయనకే పోయినదని క్యూబా ప్రజలు నొచ్చుకొనిరి. వారి బాధలో న్యాయము లేకపోలేదు. ఫిన్లే పేరును నోబెలు బహుమానమునకు పలుమార్లు సూచించిరి గాని అది ఆయనకు రాలేదు. 1915లో ఆయన కన్నుమూసెను.

1902 నవంబరులో రీడునకు కడుపునొప్పి వచ్చెను. ఉండుకము చెడినదని తెలిసి శస్త్రచికిత్స చేసిరి. కాని అప్పటికే ఆలస్యమైనది. కొన్ని దినములకే, యాబదియొకటవ యేట ఆయన మరణించెను. ఆర్లింగ్టను సైనిక శ్మశానమున ఆయనను ఖననము చేసిరి. కారల్ 1907లో, నాడు చెడిన గుండెతోనే మరణించెను. 1929లో అమెరికా శాసనసభ ఆ పరిశోధనలో పాల్గొన్నవారికి బంగారు పతకములిచ్చి, వారి పేరులతో ఒక గౌరవపట్టికను ప్రకటించెను. అందు రీడు, కారల్, లజీరు, అగ్రమాంటీ మొదలుకొని కుక్, కిస్సింజర్, మొరానుల వరకు 22 పేరులు గలవు. కాగితముపై సంతకము చేసి, చేయి చాచి దోమకును సూదికిని తమ రక్తమును అప్పగించిన స్పెయినుదేశపు కూలీల పేరులు ఆ పట్టికలో లేవు.